తొక్కు జాడీలో ఉమ్మి

బెల్లంపల్లి,
1951, కార్తీకం

వదినకు సరళ రాస్తున్నది.

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం భోజనానికి ముందు చదవకు.

ఇక్కడి దవాఖానలో పరీక్షల గది చూసుకునే మనిషి పని మానేసి నాందేడు వెళ్లిపోయాడు. కొత్తవాడు ఎప్పుడొస్తాడో తెలియదు. ఇక్కడ డాక్టరైన మా ఆయనకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. "నువ్వు మెట్రిక్ చదివినవు, కండ్లు మంచిగున్నయి, జర కూసోని చూడరాదు?" అన్నారు. ఏమిటి చూడటం అని అడక్కుండానే సరేనన్నాను. నా తెలివి నీకు తెలుసు కదా.

చూడవలసింది ఉమ్మి, వదినా. గనిలో పనిచేసే వాళ్ల ఉమ్మి. పొద్దున్నే బల్ల మీద సిగరెట్ డబ్బాలు వరసగా పెట్టి ఉంటాయి. ఒకదాంట్లో పచ్చగా, ఒకదాంట్లో పసుపుగా, చాలావాటిలో బొగ్గుపొడితో నల్లగా. ఒక్కోటి చెంచాతో తీస్తే తీగలా సాగుతుంది. దాన్ని గాజు పలక మీద పూసి, మంట మీద కాచి, ఎర్రరంగు వేసి, కడిగి, నీలం రంగు వేసి, అప్పుడు సూక్ష్మదర్శినిలో చూడాలి. మొదటి రోజు నేను చూసింది సూక్ష్మదర్శిని కాదు, గది వెనక గోడ. పొద్దున తిన్నదంతా అక్కడే కక్కుకున్నాను. రెండో రోజూ అంతే. ఇప్పుడు వాంతి రావడం లేదు గాని, అన్నంలో గంజి జిగట కనబడితే కంచం ముందు నుంచి లేచిపోతున్నాను.

ఒక సంగతి మాత్రం రాయకుండా ఉండలేను. నీలం రంగు మీద ఎర్రటి సన్న పుల్లలు కనబడతాయి. అవే క్షయ క్రిములు. అంత చిన్న పుల్లలు అంతంత మనుషులను కొరుక్కు తింటున్నాయంటే కళ్లారా చూస్తున్నా నమ్మబుద్ధి కాదు.

అన్నకు నమస్కారాలు చెప్పు. ఈ ఉత్తరం మాత్రం చూపించకు.

నీ సరళ

*

హుస్నాబాద్,
మార్గశిరం

సరళకు,

నీ ఉత్తరం భోజనానికి ముందే చదివాను. ఆ రోజు ఇక భోజనం లేదు.

నీకు జడలు వేసి, కొత్త పట్టుపావడా మీద మురికి పడితే రోజంతా సణిగి, పెంచి పెద్దచేసింది ఇందుకా? దేశపాండ్యా వారి ఆడపడుచు కూలివాళ్ల ఉమ్మి చెంచాతో తీస్తుందా? మీ ఆయనకు చెప్పు, కండ్లు మంచిగున్నాయని ఇంకెవరినైనా పిలుచుకొమ్మని. ఇకముందు నువ్వు ఇక్కడికి వచ్చినప్పుడు బావి దగ్గరే తలారా స్నానం చేసి, తడిబట్టతో వెనక గుమ్మంలోంచి లోపలికి రావాలి. పూజగది దగ్గరికి అసలే రావద్దు. నీ ఉత్తరాన్ని కూడా పట్టుకారుతో పట్టుకుని చదివాను, పోచవ్వ చూసి నవ్వింది. పోచవ్వ నీకు గుర్తుందా? మన పశువుల కొట్టం ఊడ్చేది, పెంట ఎత్తేది. దాని నవ్వు ఎంత దూరానికి వినబడుతుందో మరిచిపోయి ఉండవు.

ఇంట్లో అంతా బాగానే ఉంది. మిర్చి ఈసారి బాగా కాసింది. మీ అన్న భైంసా పత్తి బేరాల సంగతి మాట్లాడుతూ ఉంటారు, వెళ్లడం మాత్రం లేదు.

ఊరికే అడుగుతున్నాను. దగ్గులో ఎర్రగా జీర పడితే అది ఆ పుల్లల వల్లేనా? పైత్యం వల్ల కూడా వస్తుంది కదా? మన బాలలక్ష్మి అత్త అడగమంది.

రాధాబాయి

*

బెల్లంపల్లి

వదినా,

బాలలక్ష్మి అత్త పోయి నాలుగేళ్లయింది. దినాలకు నేను కూడా వచ్చాను. ఎవరు దగ్గుతున్నారు?

సరళ

*

హుస్నాబాద్,
పుష్యం

సరళా,

దగ్గేది మీ అన్న. దసరా నుంచి దగ్గుతున్నారు. రుమాలు నాకు కనబడకుండా చాకలికి వేస్తుంటే చాకలే వచ్చి చెప్పింది, "దొరసాని, రుమాల్ల రక్తం మరకలు పోతలేవు" అని. మనిషి సగమైపోయారు. సాయంత్రమైతే ఒళ్లు కాగుతుంది. దామోదర్‌రావు దొరకు క్షయ అని తెలిస్తే ఈ ఊళ్లో మన గడప ఎవరూ తొక్కరు. మీ దవాఖానకు పోదాం పదండి అంటే, "సావనన్న సస్త గని, గా బొగ్గు దవాఖాన్ల పండ" అన్నారు. నువ్వు మీ అన్నను ఎరుగుదువు.

అందుకని మన జీతగాడు రాయమల్లును పంపుతున్నాను. వాడి చేతిలో మామిడికాయ తొక్కు జాడీ ఉంటుంది. అందులో తొక్కు లేదు. సిగరెట్ డబ్బా పంపితే దారిలో అందరూ అడుగుతారు, తొక్కు జాడీ అయితే ఆడపడుచుకు పంపుతున్నామంటే సరిపోతుంది. పెద్దపల్లి వరకు బస్సులో, అక్కణ్నుంచి రైల్లో వస్తాడు. వాడికి కూడా తొక్కనే చెప్పాను. ఈ ఉత్తరం వాడి అంగీ జేబులో పెడుతున్నాను.

జాడీలో పట్టింది పోచవ్వ. నేను గుమ్మం దగ్గర నిలబడి ముక్కుకు కొంగు కట్టుకుని చూశాను. కట్టుకున్న మొగుడిది కదా అని దగ్గరికి పోబోయాను, గడప దాటలేక వెనక్కి వచ్చేశాను. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను.

అందులో పుల్లలు లేవని రాయి.

రాధాబాయి

*

బెల్లంపల్లి,
పుష్య బహుళం

వదినా,

ఉన్నాయి. చూసినచోటల్లా ఉన్నాయి. మా ఆయన కూడా చూశారు. నన్ను ఓదార్చడం చేతగాక సూక్ష్మదర్శిని అద్దం తుడుస్తూ నిలబడ్డారు.

అయినా వదినా, ముందు నిన్ను నాలుగు తిట్టాలి. రాయమల్లు జాడీని నా చేతికివ్వలేదు, మా వంటమనిషి గంగుబాయి చేతికిచ్చాడు. ఉత్తరం సంగతి వాడికి తిండి తిన్నాక గుర్తొచ్చింది. ఈలోగా గంగుబాయి కరీంనగర్ తొక్కు వచ్చిందని సంబరంగా వేడి అన్నం పెట్టుకుని, మీద నూనె పోసుకుని, జాడీ మూత తీసి చెంచా ముంచింది. "అగ్గ బాయి! హే కాయ్?" అని, ఇదేమిటని మరాఠీలో పెట్టిన కేక దవాఖాన దాకా వినబడింది. చెంచా నోటిదాకా పోలేదు, దేవుడి దయ. ఆ ముసల్ది ఇప్పుడు ఏ తొక్కూ తినడం లేదు, నా వంక అదోలా చూస్తోంది.

ఇప్పుడు మందు సంగతి. కొత్త మందు ఒకటి ఉంది, స్ట్రెప్టోమైసిన్ అని. సూదిమందు. కొన్నేళ్ల కిందట అయితే అన్నకు గాలి మార్పు, గుడ్లు, పాలు అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు. ఈ మందుతో మా కళ్లముందే ఎందరో లేచి తిరుగుతున్నారు. రాయమల్లు చేతనే పంపుతున్నాను. హుస్నాబాద్‌లో బుచ్చిరాములు అని కాంపౌండరు ఉన్నాడట, మా ఆయనకు తెలిసినవాడు, రోజూ వచ్చి పొడుస్తాడు. పొడిలో నీళ్లు కలిపి నాలుగైదు రోజుల మందు ఒకే సీసాలో ఉంచుతాడు. చల్లని చోట పెట్టాలి.

ఇంకొకటి. అన్న తాగిన గ్లాసు, తిన్న కంచం, రుమాళ్లు, సూది, అన్నీ ఉడకబెట్టు. ఉడకబెట్టడంలో బద్ధకం పనికిరాదు. ఉమ్మిని పెంటకుప్ప మీద పారబోయించవద్దు, కాల్పించు. ఆ క్రిములు మట్టిలో, ఇంటి మూలల్లో చాలా కాలం బతుకుతాయి.

ధైర్యంగా ఉండు వదినా. అన్న బతుకుతాడు.

సరళ

*

హుస్నాబాద్,
మాఘం

సరళా,

బుచ్చిరాములు వస్తున్నాడు. గడప బయట నిలబెట్టి, చేతుల మీద పైనుంచి నీళ్లు పోసి, పసుపు రాయించి లోపలికి రానిస్తున్నాను. మొహం ముడుచుకుంటాడు గాని వస్తున్నాడు. ఊళ్లో మీ అన్నకు నడుము నొప్పి అని చెప్పించాను.

నువ్వు రాసినట్టే అన్నీ ఉడకబెడుతున్నాను. ఇల్లంతా ఆవిరి. గంజిలో బట్టలు, బూడిదలో కంచాలు, రోజంతా ఇదే పని. ఉమ్మి కాల్చే పని మాత్రం నా పొయ్యిలో కుదరదు, అన్నం వండే పొయ్యి అది. పెరట్లో కాలిస్తే ఊరంతా వాసన. పోచవ్వ ముంతలో పట్టుకుపోయి వాళ్లింట్లో కాలుస్తోంది. ఆ ముంత నా కళ్లబడకుండా పొద్దున్నే తీసుకుపోతుంది.

మీ అన్న ఒక్క ప్రశ్నతో ప్రాణం తోడేస్తున్నారు. "మందు ఏందో తెలువకుండ రోజూ ఎట్ల పొడిపించుకుంట? దేంతోని చేస్తరు, చెట్టా, వేరా?" అని. బుచ్చిరాములును అడిగితే బొంబాయి నుంచి వస్తది అన్నాడు. బొంబాయిలో చెట్లకు కాస్తుందా? నువ్వు చదువుకున్నదానివి, వివరంగా రాయి.

రాధాబాయి

*

బెల్లంపల్లి,
మాఘ బహుళం

వదినా,

ఇది నువ్వు అడిగినందుకు నాకు ఎంత సంతోషమో! మా ఆయన పుస్తకాలు తెచ్చి కూర్చోబెట్టుకుని మరీ చెప్పారు.

చెట్టు కాదు, వేరు కాదు. మట్టిలో బతికే ఒక సూక్ష్మజీవి ఈ మందును చేస్తుంది. అది కూడా క్షయ క్రిమి లాంటి బాక్టీరియాయే, కాకపోతే ఇది మట్టిలో బూజుపోగులా అల్లుకుని పెరుగుతుంది. పిడికెడు మట్టిలో ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయట. తిండి తక్కువ, తినే నోళ్లు ఎక్కువ. అందుకని ఇది తన చుట్టూ ఒక రసం విడుస్తుంది. ఆ రసం తగిలిన పక్కవాళ్లు చస్తారు. ఈ సంగతి కనిపెట్టిన వాళ్లు, మన క్షయ క్రిమి కూడా చస్తుందేమో చూద్దామనుకున్నారు. చచ్చింది! అమెరికాలో బాగా పెంట వేసిన పొలం మట్టిలో దొరికిందట మొదటిది. ఇంకొకటి ఒక కోడి గొంతులోంచి తీశారట. ఇప్పుడు పెద్ద పెద్ద గంగాళాలలో దాన్ని పెంచి, అది విడిచిన రసాన్ని వడగట్టి, శుభ్రం చేసి, తెల్ల పొడిగా ఆరబెడతారు. ఆ పొడే అన్న ఒంట్లోకి పోతున్నది.

ఇంకా విను. తొలకరి వాన పడగానే మట్టి వాసన వస్తుంది చూడు, నువ్వు పనులన్నీ మానేసి వాకిట్లోకి వచ్చి పీలుస్తావు, అది ఈ జాతి జీవుల వాసనే! నీ పెరుగు కుండలో కూడా ఇలాంటివే ఉంటాయి. అవి విడిచిన పులుపు వల్ల, ఇంకేవో రసాల వల్ల చెడ్డ క్రిములు దాంట్లో అంత తొందరగా పెరగలేవు. పాలు పొద్దుటికి విరుగుతాయి, పెరుగు ఇంకో రోజు నిలుస్తుంది. చిన్నప్పటి నుంచి తింటున్నాం, మనకే తెలియదు.

అన్నకు చదివి వినిపించు.

సరళ

*

హుస్నాబాద్,
ఫాల్గుణం

సరళా,

ఇంత చదువు నీకెవరు చెప్పమన్నారు?

పెంటలో పుట్టినది. కోడి గొంతులోంచి తీసినది. రసమట, రసం! రసమంటే నేను చింతపండుతో కాచేది అనుకున్నానా? అది దాని ఉమ్మి అని సూటిగా రాయడానికి నీకు నోరు రాలేదు. ఒక పురుగు ఉమ్మిని ఇంకో పురుగును చంపడానికి నా మొగుడి ఒంట్లోకి ఎక్కిస్తున్నారు. మూడు పూటలా మడి కట్టుకుని వండి, కోడి ఈక వాకిట్లో పడితే పేడనీళ్లు చల్లించే ఇంట్లో! ఉత్తరం చదివి వాంతి చేసుకున్నాను. నీ పరీక్షల గది గోడ లాంటిది మా ఇంట్లో కూడా ఒకటి తయారైంది.

మీ అన్నకు చదివి వినిపించలేదు. హిమాలయాల్లో ఏదో వేరు అని చెప్పాను. పాపం, కళ్లకద్దుకుని పొడిపించుకుంటున్నారు.

పెరుగు కుండలో చెయ్యి పెట్టబోయి తీసేశాను. తోడు వేయడం మానేశాను. "పెరుగు లేకుంట ముద్ద దిగదే" అని మీ అన్న గొడవ. బర్రె ఎండిందని చెప్పాను. బర్రె గుమ్మం ముందే నిలబడి అరుస్తోంది. తొలకరి వాసన కూడా పాడుచేశావు, ఈ ఏడు వాన పడితే తలుపులు వేసుకుని కూర్చోవాలి.

మందు ఆపుతానని భయపడకు. ఆపను. నా ఏర్పాటు నేను చేసుకున్నాను.

రాధాబాయి

*

బెల్లంపల్లి,
చైత్రం

వదినా,

రెండో జాడీ అందింది. ఈసారి గంగుబాయి దాన్ని చూసి వీధిలోకి పారిపోయింది.

నాకు నవ్వు రావడం లేదు. మందు మొదలుపెట్టి ఇన్నాళ్లయినా పుల్లలు ఒక్కటి కూడా తగ్గలేదు. అప్పటికంటే ఎక్కువే ఉన్నాయేమో. మా ఆయన తల పట్టుకున్నారు. కొందరిలో క్రిములు ఈ మందుకు అలవాటుపడి లొంగకుండా పోతాయట, అలాంటిదైతే మా దగ్గర ఇంకో దారి లేదు. జైనూర్ వైపు నుంచి వచ్చిన ఒక మనిషి అలాగే పోయాడు.

సూది రోజూ వేస్తున్నాడా? సీసా ఎక్కడ పెడుతున్నారు? నీ ఏర్పాటు అన్నావు, అదేమిటి? దాచకుండా రాయి, అన్న ప్రాణం మీద ఒట్టు.

సరళ

*

హుస్నాబాద్,
చైత్ర బహుళం

సరళా,

దాచేదేముంది, మంచి పనే చేశాను.

నీ ఉత్తరం చదివాక మందును ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. ఆపితే మీ అన్న బతకరు. ఏం చేయను? బుచ్చిరాములు సూదిని ఉడకబెట్టడం రోజూ చూస్తున్నాను. ఎంత మంది ఒంట్లోకి దిగిన సూదో అది, ఉడకగానే శుద్ధమవుతోంది కదా. నువ్వూ రాశావు, అన్నీ ఉడకబెట్టు, బద్ధకం పనికిరాదని. అలాంటప్పుడు మందును మాత్రం ఎందుకు వదలాలి? అతను కలిపి పెట్టిన సీసాను మూతతోనే ఇత్తడి చెంబులో నీళ్లలో నిలబెట్టి, తులసాకులు వేసి, మడిబట్టతో, కందిపప్పు మెత్తబడేంత సేపు ఉడకనిస్తున్నాను. రోజూ తప్పకుండా. తరువాతే నీళ్లగూట్లో చల్లగా పెడుతున్నాను.

దాని ఫలితం కూడా కనబడింది. నీళ్లలా ఉండే మందు పలచని చాయ్ రంగు తిరిగింది. లోపలి మైలంతా పైకి తేలిందని నాకెంత తృప్తిగా ఉందో. బుచ్చిరాములు "రంగు మారింది గదా దొరసాని" అన్నాడు. ఎండ తగిలి ఉంటుందిలే అన్నాను.

పుల్లలు తగ్గకపోవడానికి పెరుగు మానేయడం కారణమా?

రాధాబాయి

*

బెల్లంపల్లి,
వైశాఖం

వదినా!

నువ్వు ఉడకబెట్టినది మైల కాదు, మందు! సూది ఇనుము, ఉడికినా ఇనుమే. మందు అలా కాదు. రోజూ అంతసేపు ఉడికితే దాని గుణం చస్తుంది. ఆ చాయ్ రంగు మైల కాదు, పాడైన మందు. ఫాల్గుణం నుంచి అన్నకు రోజూ పొడిచింది మురికినీళ్లు. నీ ఉత్తరం చదివి మా ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. నీమీద కోపంతో కలం ఎంత నొక్కి రాస్తున్నానో, అక్షరాలు చూడు.

నీ మడి మండిపోను. ఆ పొడి ఎంత శుభ్రం చేసి వస్తుందో తెలుసా? మన గంగాళాల కంటే, మన పూజగది కంటే. పెంటలో పుట్టింది నిజమే. నీ మొగుడిని తింటున్నది మాత్రం పెంటలో పుట్టలేదు, పట్టుపంచె కట్టుకున్న దేశపాండ్యా వారి ఛాతీలో పెరుగుతోంది.

అన్నీ ఉడకబెట్టు అని రాసింది నేనే. మందు తప్ప అని రాయాలని నాకు తోచలేదు, ఇలా ఎవరైనా చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

కొత్త సీసాలు పంపుతున్నాను. అరకొర మందు తగిలిన క్రిములు లొంగుతాయో లేదో ఆయన చెప్పలేనన్నారు. ముట్టుకోవడానికి అసహ్యమైతే కళ్లు మూసుకో. సీసాను పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకుపోకు. పెరుగు పెట్టు మనిషికి.

సరళ

*

హుస్నాబాద్,
జ్యేష్ఠం

సరళా,

నువ్వు తిట్టిన తిట్లన్నీ తిన్నాను. నా చేతులతో నేనే చంపుతున్నానని చదివాక ఆ పూట పొయ్యి ముట్టించలేదు.

మీ అన్నకు అంతా చెప్పేశాను. హిమాలయం వేరు కాదని, కోడి గొంతని, ఉడకబెట్టానని. ఆయన నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వి, "పప్పుల పోపు గూడ పెట్టినవా?" అని అడిగారు. నేను ఏడ్చాను.

బుచ్చిరాములుకు కూడా చెప్పాను. అతను నవ్వలేదు. "నా చెయ్యి మైలని నీళ్లు పోసిన్రు, సప్పుడు చెయ్యలే. నా మందు మైలని ఉడకబెట్టిన్రు. రేపు దొరకేమన్న అయితె బుచ్చిరాములు సూది మంచిది కాదంటరు. నేను రాను దొరసాని" అని సంచీ సర్దుకున్నాడు. కాళ్ల మీద పడ్డంత పని చేశాను. రానన్నవాడు రాలేదు, కానీ ఆ రోజు కూర్చుని నాకు నేర్పాడు. నిమ్మకాయ మీద పొడిచి పొడిచి, తరువాత మీ అన్న మీద. మొదటిరోజు సూది వంకరపోయింది. "నిమ్మకాయకు నోరు లేదు, నాకున్నది" అన్నారు మీ అన్న.

ఇప్పుడు రోజూ నేనే పొడుస్తున్నాను. సీసా ముట్టుకున్న ప్రతిసారీ కోడి గొంతు గుర్తొస్తుంది. పళ్లు కరుచుకుని పొడుస్తాను. పెరుగు తోడు పెట్టాను, నేను మాత్రం తినడం లేదు.

రాధాబాయి

*

బెల్లంపల్లి,
శ్రావణం

వదినా,

మూడో జాడీ చూశాను. చాలాసేపు వెతికాను. పుల్లలు తగ్గాయి! అక్కడొకటి, ఇక్కడొకటి. మా ఆయన కూడా చూసి, "మీ వదిన మా కాంపౌండర్ల కన్న నయం" అన్నారు. నేను గదిలో ఒంటరిగా కూర్చుని ఏడ్చాను, ఉమ్మి చూసి ఆనందంతో ఏడ్చిన మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను. అన్న బతుకుతాడు వదినా, మందు ఒక్కరోజు కూడా మానకు.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. మాఘంలో రాసినదాంట్లో ఒక మాట ఉంది. అప్పుడు నేను నా బాక్టీరియా పిచ్చిలో పడి దాన్ని దాటిపోయాను. ఉమ్మిని పోచవ్వ తన ఇంటికి తీసుకుపోయి కాలుస్తోందా? ఇప్పటికీనా? పోచవ్వ ఎలా ఉంది?

సరళ

*

హుస్నాబాద్,
భాద్రపదం

సరళా,

జాడీలు రెండు పంపుతున్నాను. ఎర్రదారం కట్టినది మీ అన్నది. రెండోది పోచవ్వది.

నీ ఉత్తరం చూశాకే పోచవ్వ వంక సరిగా చూశాను. రోజూ కళ్ల ముందు తిరిగే మనిషి రవిక వదులైంది, మెడ ఎముకలు బయటపడ్డాయి. ఈ మధ్య దాని నవ్వు వినబడటం లేదని కూడా నాకు తోచలేదు. ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నావే అని అడిగితే "వానలు పడ్డ కాన్నుంచి" అంది. ముంతలు ఎక్కడ కాలుస్తున్నావంటే, "ఇంకెక్కడ దొరసాని, నాకున్నది ఒక్కటే పొయ్యి. తడికట్టెలు, అంటుకోవు. ఊదుకుంట కూసుంట" అంది. నా పొయ్యికి తగలకూడదని పంపిన ఉమ్మి మీదికి వంగి, పోచవ్వ వాళ్లింట్లో ఊదుతూ కూర్చుంది. దాన్ని కాల్చి, అదే పొయ్యి మీద జొన్న గట్క వండుకుంది.

ఆ మాట విన్నప్పుడు వాంతి వచ్చింది. ఈసారి దేన్ని చూసి వచ్చిందో నాకు తెలుసు.

రెండో జాడీ నేనే పట్టాను. పోచవ్వ ఎదురుగా కూర్చుని, జాడీ దాని నోటి దగ్గర పట్టుకుని, వీపు నిమిరాను. నా వేళ్ల మీద పడింది. కడుక్కున్నాను, ఎన్నిసార్లు కడుక్కున్నానో రాయను.

తొందరగా చూసి రాయి.

రాధాబాయి

*

బెల్లంపల్లి

వదినా,

ఎర్రదారం జాడీలో ఒక్క పుల్ల కూడా లేదు. మా ఆయనా నేనూ మార్చి మార్చి చూశాం. ఇంకా కొన్ని నెలలు మందు ఆపవద్దన్నారు.

పోచవ్వ జాడీ నిండా ఉన్నాయి.

సీసాలు రాయమల్లుకిచ్చాను, ఇద్దరికీ సరిపడా.

సరళ

*

హుస్నాబాద్,
1952, ఆశ్వయుజం

సరళా,

మీ అన్న ఈ రోజు వీధి చివరి దాకా నడిచి వచ్చారు. ఆ సంగతి ముందు రాయాలని రాశాను.

పోచవ్వకు సూది మొదలుపెట్టాను. దాన్ని లోపలికి పిలిస్తే గడప దగ్గరే ఆగిపోయింది. "నన్ను ముట్టుకుంటరా దొరసాని?" అంది. ముట్టుకోకపోతే సూది ఎలా దిగుతుందే అన్నాను. మందు దేంతో చేస్తారో కూడా చెప్పాను, మళ్లీ వేరు, చెట్టు అని అబద్ధమాడటం నా వల్ల కాదు. పెంటలో పుట్టిన జీవి అనగానే అది మొహం చిట్లిస్తుందనుకున్నాను. "నేను పుట్టి పెరిగింది పెంటెత్తుకుంటనే. మల్ల గందుకే మంచిగ పనిచేస్తది" అంది. ఏమైనా కోపం ఉందా అని అడిగాను, ఎందుకడిగానో. "గీ దగ్గు మీ ఇంట్లకెళ్లి తెచ్చుకున్న. గీ మందు గూడ మీ ఇంట్లకెళ్లే రావాలె. నడుమ ఆపితె మాత్రం ఊరుకోను" అని చెయ్యి చాపింది. ఆ చేతిలో ఎముక తప్ప ఏమీ లేదు. అందుకని పోచవ్వను పక్కకు తిప్పి పడుకోబెట్టి తుంటి మీద పొడిచాను.

నా అసహ్యం పోయిందని మీ ఆయనతో గొప్పలు చెప్పకు. పోలేదు. ఉమ్మి చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుంటాను, మందు సీసా చూస్తే కోడి గొంతు కనబడుతుంది. అన్నిటికంటే నా పొయ్యిని చూస్తే అసహ్యంగా ఉంది, అలికి ముగ్గుపెట్టి ఇన్నాళ్లూ దాన్ని కాపాడుకున్నానే, అందుకు.

ఈ రోజు ఇద్దరి ముంతలూ నా పొయ్యిలో కాల్చాను. వాసన ఇంకా ఇంట్లోనే ఉంది. తరువాత దాని మీదే అన్నం వండాను. మీ అన్న పెరుగు కలుపుకుని మారు మాట లేకుండా తిన్నారు. పోచవ్వకు విస్తరి వేసి వసారాలో పెట్టాను, అదీ తింది. నేనూ పెరుగు కలుపుకుని కూర్చున్నాను. రెండు ముద్దలు దిగాయి. మూడోది నోట్లో పెట్టుకుని, మింగలేక, లేచి వెళ్లి ఉమ్మేశాను.

రేపు మళ్లీ కూర్చుంటాను.

రాధాబాయి